యమసభలో నవ్వులు

1988వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన "యముడికి మొగుడు" అను తెలుగు చలనచిత్రము విడుదలైనది. చిరంజీవి కథానాయకుడు, విజయశాంతి, రాధ నాయికలు, రవిరాజా పినిశెట్టి దర్శకుడు, రాజ్–కోటి సంగీతదర్శకులు. చిరంజీవికి నటశిక్షణనాటి మిత్రులైన నారాయణరావు, సుధాకర్, హరిప్రసాద్ గార్లు దీనిని నిర్మించిరి. చిత్రము ఘనవిజయము సాధించినది. విజయము సాధించిన చిత్రములు ఆ దినములలో మరికొన్ని కలవు. కాని ఇంటికి వచ్చిన పిదప కూడ పెద్దలకును పిన్నలకును వాదము పెట్టిన చిత్రములు తక్కువ. ఇది అట్టివానిలో నొకటి.

వాదము పేరుతోనే మొదలగును. తెలుగు నుడికారమున "వాడికి మొగుడు" అనగా వానిని మించినవాడు, వాని ఆట కట్టించువాడు అని అర్థము. ఆంధ్రదేశమున ఈ సంగతి పసిపిల్లవానికి సైతము చెప్పనక్కరలేదు. ఢిల్లీలో నట్లు కాదు. ప్రక్క క్వార్టరులోని హిందీవారు "మీరు చూచుచున్న సినిమా పేరేమి?" అని అడిగినచో, మాటకు మాట పెట్టి చెప్పినవారికి "యమరాజుగారి భర్త" అని తేలును. అడిగినవారు తెల్లబోవుటలో వింత లేదు. నుడికారమునకు సరిహద్దులు కలవని చెప్పుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

కథ సులభమైనది. కాళి యను నొక మొరటువాడు, మంచి మనసు గలవాడు, ప్రేమలో పడి శత్రువుల చేతిలో హతుడగును. యమలోకమునకు పోయి చూచుకొనగా వాని ఆయువు ఇంకను తీరలేదని తెలియును. పొరపాటు చిత్రగుప్తునిది. తిరిగి పంపుదమన్న వాని దేహము భూలోకమున దహనమైపోయినది. ఇక చేయునది లేక యమధర్మరాజు వానిని పోలిన మరియొక దేహమును చూపును. అది బంధువుల దురాశకు బలియైన బాలు అను అమాయకునిది. కాళి జీవుడు బాలు దేహమున ప్రవేశించి రెండు ఇండ్ల లెక్కలను సరిచేయును. కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు.

దీనిపై ప్రేక్షకుల అభిప్రాయములు ముఖ్యముగా రెండు తీరులు. నిత్యపూజలు చేయు పెద్దలు కొందరు, దక్షిణ దిక్పాలకుని, ధర్మస్వరూపుని, విదూషకుని చేసి ఆడించుట తగదనిరి. నరకచతుర్దశినాడు యమతర్పణము విడుచు చేతులతో నీ చిత్రమునకు చప్పట్లు కొట్టుట ఎట్లని వారి ప్రశ్న. రెండవ తీరువారు, ఇది వినోదము, మూడు గంటల కాలము హాయిగా గడిచినది, దేవునికి లేని కోపము మనకేల యనిరి. ఈ రెండవ మాటలో ఔదార్యము కలదు గాని ఆలోచన తక్కువ. నిజమునకు తెలుగు ప్రేక్షకుడు యమునిపై నవ్వుట 1988లో నేర్చుకొనలేదు. ఆ నవ్వునకు చాల పొడవైన పూర్వచరిత్ర కలదు. ఆ చరిత్ర యందలి ఒక ముఖ్యమైన మలుపు సర్కారు కొలువులోనే యుండుట ఈ సంచిక చదువరులకు ప్రత్యేకముగా రుచించును.

యమునితో వాదించుట మన వాఙ్మయమున ప్రాచీనమైన పని. కఠోపనిషత్తులో నచికేతుడు యముని ఇంటికి పోవునప్పటికి యజమాని ఇంట లేడు. బాలుడు మూడు రాత్రులు అన్నము లేక వాకిట కూర్చుండెను. తిరిగివచ్చిన యముడు తన వలన జరిగిన ఆలస్యమునకు నొచ్చుకొని, రాత్రికొకటి చొప్పున మూడు వరములిచ్చెను. మూడు దినములు కాదు, మూడు నెలలు కౌంటరు ముందు నిలబెట్టియు నొక మంచిమాటైన చెప్పని వారితో పోల్చినచో యముడు ఎంతో మెరుగు. ఇక సావిత్రి కథ అందరెరిగినదే. ఆమె ఏడ్చి భర్తను తెచ్చుకొనలేదు. యముడిచ్చిన మాటనే పట్టుకొని ఆయనను కట్టివేసి తెచ్చుకొన్నది.

ఆంధ్రమహాభాగవతమున ఏర్చూరి సింగన రచించిన షష్ఠస్కంధములోని అజామిళోపాఖ్యానము మరింత రసవత్తరము. చనిపోవుచున్న పాపి కొడుకును "నారాయణా" అని పిలిచినంత మాత్రమున విష్ణుదూతలు వచ్చి యమదూతలను అడ్డగింతురు. ఈ జీవునిపై అధికారము ఎవరిదని ఇరుపక్షములకు ధర్మచర్చ జరుగును. ఓడిపోయిన భటులు తమ ప్రభువు కడకు పోయి, అసలు మన పైన మరియొక అధికారి కలడా యని అడుగుదురు. యముడు వారికి, ఎవరిని తేవలెనో, ఎవరి జోలికి పోరాదో విశదముగా ఆనతిచ్చును. నేటి కార్యాలయ భాషలో దానిని సర్క్యులరు అనవచ్చును. శ్రీనాథుడు శివరాత్రిమాహాత్మ్యములో సుకుమారుని కథ చెప్పుచు ఇదే తగవును యమభటులకును శివగణములకును పెట్టెను. కనుక యమలోకమున భటులు పొరపడుదురనియు, అధికారము విషయమై తగవు వచ్చుననియు, యుక్తిపరుడు అచట గెలువవచ్చుననియు తెలుగు శ్రోత ఏనాడో వినియున్నాడు.

తెరపైకి మాత్రము యముడు భయంకరుడుగానే వచ్చెను. 1933లో కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ వారు "సతీ సావిత్రి" తెలుగు చిత్రము నిర్మించిరి. దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య. రామతిలకము సావిత్రి. యముడుగా వేమూరి గగ్గయ్య. భారీ విగ్రహము, గంభీరమైన కంఠము గల ఆ నటుని యముడు ఒక తరము ప్రేక్షకుల మనసున నిలిచిపోయెను. తరువాతి వారెవరు యమవేషము కట్టినను పెద్దలు మొదట "గగ్గయ్యగారి వలె" ఉన్నదా లేదా అని చూచెడివారు.

ఇచట చరిత్ర యొక వింత చేసినది. ఇరువదియేడు సంవత్సరముల పిమ్మట, 1960లో, అదే పుల్లయ్యగారు యముని మరల తెరకు తెచ్చిరి. ఈసారి సావిత్రి లేదు. "దేవాంతకుడు" అను ఆ చిత్రములో నందమూరి తారక రామారావు సశరీరుడై పైలోకమునకు పోయి అచటివారిని కలవరపెట్టెను. యముడు ఎస్.వి. రంగారావు. ఆ కథయు కలకత్తా సరకే. 1958లో వచ్చిన "యమాలయే జీవంత మానుష్" అను బెంగాలీ చిత్రము దీనికి మూలము. ఆ బెంగాలీ చిత్రమునకు మూలమైన కథను వ్రాసినవాడు "నీలదర్పణము" నాటకకర్తయైన దీనబంధు మిత్ర.

ఈ దీనబంధు మిత్ర ఎవరు? తపాలా శాఖ ఉద్యోగి. 1855లో పాట్నాలో పోస్టుమాస్టరుగా చేరి, శాఖలో పైకి వచ్చి, సర్కారు కొరకు ఊరూరు తిరిగి, రాయ్ బహదూరు బిరుదమంది, 1873లో మరణించెను. నీలిమందు దొరల దౌర్జన్యమును నాటకముగా వ్రాసిన కలముతోనే ఆయన యమలోకమునకు బ్రతికియున్న మనిషిని పంపెను. చనిపోవలసిన చోట చావనివాడు వచ్చిన, లెక్కలో లేని మనిషి వచ్చిన, ఆఫీసు ఏమి చేయును? ఈ ప్రశ్న కవికి పుట్టుట కష్టము. రోజంతయు మేజాబల్లపై చిరునామా సరిగాలేని ఉత్తరములు చూచువానికి పుట్టుట సులభము. యమసభ భయముగొలుపు న్యాయస్థానము అన్న తలంపు పోయి, అదొక కచేరి అన్న తలంపు ఇచట మొలకెత్తినది.

"దేవాంతకుడు" వచ్చిన 1960వ సంవత్సరమే జూలై నెలలో, రెండవ వేతన సంఘపు సిఫారసులతో తృప్తి చెందని కేంద్రప్రభుత్వోద్యోగులు అయిదు దినములు సమ్మె చేసిరి. 1968 సెప్టెంబరు 19న ఒక్కదినపు సమ్మె జరిగినది. 1974 మే నెలలో రైల్వే సమ్మె దేశమును కదిలించినది. ఈ కాలమంతయు గడచిన పిదప, 1977 అక్టోబరు 21న "యమగోల" వచ్చినది. తాతినేని రామారావు దర్శకుడు, డి.వి. నరసరాజు రచయిత, రామారావు, జయప్రద నాయకానాయికలు. సత్యనారాయణ, రామలింగయ్యల యమ–చిత్రగుప్త జంట ఇచటనే కుదిరినది. ఇందులో కథానాయకుడు యమలోకమున చేయు మొదటి పని అచటి సిబ్బందిని కూడగట్టుట! సెలవు లేదు, విశ్రాంతి లేదు, యుగములుగా ఒకే కొలువు. యమభటులు నినాదములు చేయుట చూచి ఫ్యాక్టరీ కూలి నవ్వెను, బడిపంతులు నవ్వెను, గుమాస్తా అందరికన్న ఎక్కువగా నవ్వెను. అత్యవసర పరిస్థితి ఎత్తివేసి అప్పటికి ఏడు నెలలు. హక్కులు, నిర్బంధము అను మాటలు జనుల నాలుకపై ఇంకను వేడిగా నున్న కాలమది. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రియైన నాయకుని మాటతీరు ఆ చిత్రమునందే వినబడినదని వెనుకకు చూచినవారు చెప్పుదురు. వెనుకకు చూచినప్పుడు అన్నియు ముందే వినబడినట్లుండును. ఆ మాటను కొంత తగ్గించి తీసికొనవలెను.

అదే దర్శకుడు 1979లో దీనిని "లోక్ పర్లోక్" అను పేర హిందీలో తీసెను. జితేంద్ర, జయప్రద నటించిరి. తపాలా ఉద్యోగి బెంగాలీ కథ ఈ విధముగా బెజవాడ మీదుగా ఢిల్లీ చేరినది.

"యముడికి మొగుడు" ఈ వంశములోనిదే గాని, దీనికి మరియొక పుట్టినిల్లు కూడ కలదు. 1941లో అమెరికాలో "హియర్ కమ్స్ మిస్టర్ జోర్డాన్" అను చిత్రము వచ్చినది. ముష్టియుద్ధము చేయు నొక యువకుని, ఆయువు తీరకమునుపే, క్రొత్తగా కొలువున చేరిన దేవదూత తొందరపడి పైకి తీసికొనిపోవును. తిరిగి వచ్చుసరికి దేహము దహనమై యుండును. మరియొక దేహము వెదకవలసివచ్చును. 1978లో ఇదే కథ "హెవెన్ కెన్ వెయిట్" అయినది. మన కథకు దానికి గల పోలిక స్పష్టమే. అయితే పాశ్చాత్య చిత్రమున పైలోకపు అధికారి మర్యాదస్థుడైన పెద్దమనిషి; చిరునవ్వుతో తప్పు దిద్దును. మన చిత్రమున యముడు మొదట గర్జించును, పిమ్మట బుకాయించును, ఆ పిమ్మట చిత్రగుప్తుని వైపు చూచును, చివరకు తప్పు ఒప్పుకొనును. ఆఫీసు ఎరిగిన ప్రేక్షకునికి ఈ నాలుగు మెట్లును పరిచితములే. అరువు తెచ్చుకొన్న కథ ఇచట నిక్కముగా మనదైనది.

యముని నవ్వుల పాలు చేసిరన్న ఆక్షేపణకు సమాధానము గూడ ఇచటనే కలదు. ప్రేక్షకుడు నవ్వినది ధర్మమును గూర్చి కాదు. చిట్టాలో తప్పు వచ్చినదని తేలిన పిదప యముడు "ఇక్కడికి వచ్చినవాడు తిరిగిపోడు" అని బలమునకు దిగినచో ఆ చిత్రమును ఎవరును హర్షింపరు. ఆయన తన శాసనమునకు తానే లోబడెను. గర్జించిన నోటితోనే దిద్దుబాటుకు ఒప్పుకొనెను. అందుచేత థియేటరు వెలుపలికి వచ్చినవానికి యమునిపై అలక్ష్యము కలుగదు. కొంత చనువు కలుగును. సత్యనారాయణ చేసిన మేలు ఇదే. గగ్గయ్యగారి గాంభీర్యమును పూర్తిగా విడువక, దాని అంచుననే నవ్వు పుట్టించెను. కిరీటము, గద, మీసము అన్నియు నిజముగా భయపెట్టవలసినవే. ఆ భయము నిలిచినప్పుడే ప్రక్కన రామలింగయ్య గొణుగుడు నవ్వు తెప్పించును.

ఇంతగా మెచ్చుకొన్న పిదప రెండు లోపములు చెప్పక తప్పదు. మొదటిది బాలు సంగతి. కాళికి ఆయువు మిగిలియున్నదని అంత వాదము జరిగినదే, బంధువుల చేత చంపబడిన ఆ అమాయకుని జీవుని కొరకు వాదించినవాడెవడు? వాని దేహము మనకు పనికివచ్చినది, వాడు ఏమైనాడో ఎవరికిని పట్టలేదు. ఈ సందేహమును పిల్లలు అడుగుదురు. పెద్దలు "సినిమాలే" అని దాటవేయుదురు. పిల్లలదే సరియైన ప్రశ్న.

దీనికి చేరువదే ప్రేమ సంగతి. జీవుడు ఒకరిది, దేహము ఒకరిది. కాళిని వలచినది ఒకతె, బాలును వలచినది మరియొకతె. ఇప్పుడు ఈ మనిషి ఎవరివాడు? తెలుగు ఇండ్లలో ఈ చిక్కు క్రొత్తది కాదు. తలలు మారిన ఇద్దరిలో భర్త ఎవరని బేతాళుడు విక్రమార్కుని అడుగును. శరీరమునకు శిరస్సు ప్రధానము గనుక భర్త తల గలవాడే భర్త యని రాజు తీర్పు చెప్పును. ఆ తీర్పు ప్రకారము కాళి బాలువలె నడుచుకొనవలెను. కాని మనసు కాళిదే. చిత్రము ఈ చిక్కును పాటలతో దాటినది. హాస్యచిత్రమును తర్కశాస్త్రముతో పరీక్షించుట న్యాయము కాదు గాని, అంత మంచి చిక్కును చేతికి తెచ్చుకొని విడిచివేయుట చూచిన కొంత జాలి కలుగును.

రెండవ లోపము దీనికన్న పెద్దది, ఈ ఒక్క చిత్రమునకే చెందినదియు కాదు. మన ప్రాచీన కథలో యమునితో వాదించి గెలిచినది స్త్రీ. 1933లో రామతిలకము నోట ఆ వాదము వినబడినది. 1960 నుండి ఆ వాదము కథానాయకునికి సంక్రమించినది. 1988 నాటికి నాయికలు ఇద్దరైరి; ఇద్దరిలో నొక్కతెకును యమసభకు పోవు త్రోవ తెలియదు. నవ్వు వచ్చినది, నాయకుని మాట పెరిగినది, సావిత్రి మాత్రము మాట పోగొట్టుకొన్నది. చిత్రము మెచ్చిన స్త్రీలు సైతము ఈ సంగతి గమనింపకపోలేదు.

ఈ చిత్రమును ఢిల్లీ తెలుగువారు చూచిన తీరు వేరు. ఆంధ్రదేశమున వలె థియేటరులో నూరు దినములు ఆడు చిత్రమునకు పోవు అదృష్టము ఇచట లేదు. 1982లో ఏషియాడ్ నాటికి దూరదర్శన్ రంగులలోనికి వచ్చినది. ఆ దశకమున ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయభాషా చిత్రములు ప్రసారమైనవి గాని, వానిలో బహుమతులందిన గంభీర చిత్రములకే అగ్రతాంబూలము. యమసభ నవ్వులకు అచట చోటు తక్కువ. వానిని తెచ్చినది వీడియో క్యాసెట్టు. రామకృష్ణపురము, సరోజినీనగరు, లోధీ కాలనీ వంటి సర్కారు క్వార్టర్లలో, శనివారము రాత్రికి వి.సి.ఆర్. అద్దెకు తెచ్చి, నాలుగు ఇండ్లవారు తలా కొంత వేసికొని, తెల్లవారువరకు మూడు నాలుగు చిత్రములు చూచుట ఆ కాలపు అలవాటు. క్యాసెట్టుకు ఒక సౌలభ్యము కలదు: వెనుకకు త్రిప్పవచ్చును. యమలోక దృశ్యములు మరల మరల చూచుటకు పిల్లలు పట్టు పట్టెడివారు. తెలుగు లిపి రాని ఢిల్లీ పిల్లలకు యముడు, చిత్రగుప్తుడు, చిట్టా, ఆయువు అను మాటలు ఈ త్రోవన అబ్బినవి. బడిపుస్తకము చేయలేని పని యముడు చేసెను.

ఢిల్లీలో మరియొక సంగతి కలదు. ఇచటి కాయస్థులు, మాథురులు, శ్రీవాస్తవలు, సక్సేనాలు, చిత్రగుప్తుని తమ మూలపురుషునిగా కొలుతురు. దీపావళి పోయిన విదియనాడు కలమును, సిరాబుడ్డిని పూజింతురు. మన ఇండ్లలో ఆ దినమే యమద్వితీయ. అక్కచెల్లెండ్ర చేతి భోజనము. సెక్షనులో ప్రక్క కుర్చీలోని మాథుర్ గారికి చిత్రగుప్తుడు పూజనీయుడు. మన వీడియోలో నాయన ముక్కుపై కళ్ళద్దాలు జార్చుకొని తప్పులెక్క వ్రాయు గుమాస్తా. ఈ రెండును ఒకే క్వార్టర్ల వరుసలో కలహము లేక సాగినవన్నచో, అందుకు కారణము సహనము ఒక్కటే కాదు. లెక్క తప్పినవాని అవస్థ ఏమిటో ఇరువురికిని ఉద్యోగరీత్యా తెలియును.

ఆ తరువాతి కథ క్లుప్తము. 1990లో "యముడికి మొగుడు" తమిళమున రజనీకాంత్ నాయకుడుగా "అదిశయ పిఱవి" అయినది. ఆ యేడే మే 9న, తీరమును తుపాను తాకిన దినమున, "జగదేకవీరుడు అతిలోకసుందరి" విడుదలై, వానలోను వరదలోను జనులను రప్పించి, కల్పనకథలకు యముడు లేకున్నను అప్సరస చాలునని ఋజువు చేసినది. 1994లో "యమలీల"లో సత్యనారాయణ మరల యముడు, చిత్రగుప్తుడు బ్రహ్మానందము. అందులో భవిష్యత్తు వ్రాసిన గ్రంథమే భూలోకమున జారిపడి పోవును. 1977లో సిబ్బంది సమ్మె, 1988లో చిట్టాలో తప్పు, 1994లో ఏకముగా రిజిస్టరే గల్లంతు: యమలోకపు కచేరి ఏ దిశగా నడిచినదో చదువరులు ఊహించుకొనవచ్చును. ఇదియు 1995లో "తక్దీర్‌వాలా"గా హిందీకి వచ్చినది. 2007లో "యమదొంగ"లో యమవేషము మోహన్‌బాబుకు దక్కినది.

అల్లు రామలింగయ్య 2004 జూలై 31న మరణించెను. కైకాల సత్యనారాయణ 2022 డిసెంబరు 23న మరణించెను. ఆయన దుర్యోధనుడుగా, ఘటోత్కచుడుగా, తండ్రిగా, ప్రతినాయకుడుగా వందలాది వేషములు కట్టినవాడు. అయినను ఆ దినమున తెలుగు ఇండ్లలో ఎక్కువమంది ముందుగా తలచుకొన్నది కిరీటము పెట్టి, గద భుజమున నుంచి, ప్రక్కనున్న చిత్రగుప్తుని వైపు కోరచూపు చూచు యముని.